అన్నమయ్య సినిమాలో నిజమెంత? పాట ఎవరిది, బాణీ ఎవరిది?

ఈ ఎపిసోడ్ ఒక సినిమా గురించే, కానీ ఇది రివ్యూ కాదు. 1997లో వచ్చిన 'అన్నమయ్య' గురించి ఇప్పుడు కొత్తగా రివ్యూ చెప్పాల్సిన పని లేదు. రాఘవేంద్రరావు గారి దర్శకత్వం, జె.కె.భారవి గారి రచన, కీరవాణి గారి సంగీతం, అన్నమయ్యగా నాగార్జున, వేంకటేశ్వరుడిగా సుమన్. కీరవాణి గారికి ఆ ఏడాది ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ అవార్డు కూడా ఈ సినిమాకే వచ్చింది. ఇవన్నీ మీకు తెలిసినవే.

నా ప్రశ్న వేరే. మన తరంలో చాలామందికి అన్నమయ్య అంటే ఈ సినిమానే. ఆయన ముఖం అంటే నాగార్జున ముఖం, ఆయన గొంతు అంటే బాలు గారి గొంతు. మరి ఇందులో చరిత్ర ఎంత, కుటుంబం చెప్పుకున్న కథ ఎంత, సినిమా వాళ్లు కట్టింది ఎంత? ఇంకో ముఖ్యమైన ప్రశ్న: సినిమాలో మనం వింటున్న పాట నిజంగా అన్నమయ్య పాటేనా?

నేను బీటెక్ చేసి కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాణ్ణి. అక్కడ అలవాటైన పని ఒకటుంది. ఏదైనా డేటా చేతికొస్తే ముందు అడిగేది, ఇది ఏ సోర్స్ నుంచి వచ్చింది అని. ఇక్కడ కూడా అదే చేద్దాం. అన్నమయ్య విషయంలో మన దగ్గర మూడు పొరలు ఉన్నాయి. ఒకటి రాగి రేకులు. రెండు ద్విపద కావ్యం. మూడు సినిమా రీలు. ఒక్కొక్కటీ విప్పుకుంటూ వెళ్దాం.

మొదటి పొర, రాగి రేకులు. తిరుమల గుడిలో సంకీర్తన భాండారం అని ఒక చిన్న రాతి అర ఉంది. అన్నమయ్య, ఆయన కొడుకు పెద తిరుమలయ్య, మనవడు చిన తిరుమలయ్య రాసిన పాటల్ని రాగి రేకుల మీద చెక్కించి అక్కడ భద్రం చేశారు. చెక్కించే పనికి పూనుకున్నది ప్రధానంగా పెద తిరుమలయ్య. 16వ శతాబ్దం మొదటి సగం, అంటే విజయనగరంలో తుళువ రాజుల కాలం. తాటాకు మీద రాస్తే వందా రెండొందల ఏళ్లకు మళ్లీ ఎవరో ఒకరు ఎత్తి రాయాలి. రాగి మీద చెక్కితే ఆ బాధ లేదు. తండ్రి పాటలు ఎప్పటికీ పోకూడదని ఒక కొడుకు చేసిన ఏర్పాటు అది. ఇన్ని వేల పాటల్ని లోహం మీద చెక్కించడానికి ఎంత రాగి, ఎంతమంది పనివాళ్లు, ఎన్నేళ్ల శ్రమ కావాలో ఒక్కసారి ఊహించుకోండి.

ఆ రేకుల్లో మొదటిదాని మీద ఒక పరిచయం ఉంది. దాని సారం ఏమిటంటే, శక సంవత్సరం 1346 క్రోధి, అన్నమాచార్యులకు పదహారేళ్లు వచ్చాక తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యాడు, అప్పటి నుంచి శక సంవత్సరం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన పాడిన సంకీర్తనలు ఇవి అని. మన లెక్కలో మొదటిది 1424, రెండోది 1503. 1424లో పదహారేళ్లంటే పుట్టింది 1408. అంటే మనం పుస్తకాల్లో చదివే 1408 రేకు మీద సూటిగా ఉన్న అంకె కాదు, లెక్క కట్టి తెచ్చింది. ఆ వాక్యాన్ని ఇంకో రకంగా చదివి, క్రోధినే పుట్టిన ఏడాదిగా తీసుకునే వాళ్లూ ఉన్నారు. అందుకే కొన్ని చోట్ల 1424 అని కనిపిస్తుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. మన దగ్గరున్న అతి గట్టి ఆధారం ఇదే. దేవుడు ప్రత్యక్షమవ్వడం ఇందులోనే ఉంది. కాబట్టి 'మహిమలన్నీ సినిమావాళ్లు కల్పించారు' అనే మాట నిలబడదు. దాన్ని నమ్మాలా వద్దా అనేది మీ ఇష్టం. కానీ ఆ మాట సొంత కొడుకు కాలంలోనే రాగి మీదికి ఎక్కింది.

రెండో పొర, ద్విపద. అన్నమయ్య మనవడు తాళ్లపాక చిన్నన్న, పూర్తి పేరు చిన తిరువేంగళనాథుడు, తాతగారి జీవితాన్ని 'అన్నమాచార్య చరిత్రము' అని ద్విపదలో రాశాడు. దీన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరించి పెద్ద పీఠికతో 1949లో తిరుమల తిరుపతి దేవస్థానం ద్వారా ప్రచురించారు. అన్నమయ్య కథ అని మనం చెప్పుకునేదంతా దాదాపు ఈ పుస్తకం నుంచే వచ్చింది. ఇంట్లో చెప్పకుండా యాత్రికులతో కలిసి తిరుమలకు బయల్దేరిన పిల్లవాడు, మోకాళ్ల పర్వతం దగ్గర చెప్పులతోనే ఎక్కలేక సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ పెద్దావిడ రూపంలో వచ్చి ప్రసాదం పెట్టడం, తిమ్మక్క అక్కలమ్మలతో పెళ్లి, అహోబిలంలో శఠకోపయతి దగ్గర చదువు, సాళువ నరసింహరాయలు సంకెళ్లు వేయించడం, 32 వేల సంకీర్తనలు, ఇవన్నీ చిన్నన్న చెప్పినవే.

చిన్నన్న మనవడు. అది బలం, అదే బలహీనత కూడా. ఇంట్లో విన్న మాటలు ఆయనకు దొరికినట్టు ఇంకెవరికీ దొరకవు. కానీ మనవడు తాతగారిని మామూలు మనిషిగా రాయడు కదండీ. అందులోనూ ఆయన రాస్తున్నది ఒక భక్తుడి చరిత్ర. ఆ రకం కావ్యానికి దాని నియమాలు దానికుంటాయి.

32 వేలు అనే అంకెనే తీసుకుందాం. 1424 నుంచి 1503 దాకా 79 ఏళ్లు. రోజుల్లో దాదాపు 28,800. అంటే రోజుకో పాట కంటే కాస్త ఎక్కువ, ఎనభై ఏళ్ల పాటు, ఒక్క రోజు కూడా ఆపకుండా. అసాధ్యమా? ఇప్పుడు మనకు దొరికినవి సుమారు 12 వేల నుంచి 14 వేలు. అంటే రెండు రోజులకో పాట దొరికిందన్నమాట. ఆ లెక్క చూశాక 32 వేలను నవ్వి కొట్టిపారేయలేం.

ఇప్పుడు మూడో పొర, సినిమా. ఇందులో ఒక్కో సీన్‌కి ఒక్కో సమాధానం వస్తుంది. మూడు విషయాలు తీసుకుంటాను.

ఒకటి, సంకెళ్ల ఘట్టం. రాజు తన మీద కూడా అలాంటి పాట పాడమంటాడు, అన్నమయ్య హరిని పొగిడిన నోటితో నరుణ్ణి పొగడనంటాడు, సంకెళ్లు వేస్తారు, పాడితే ఊడిపోతాయి. సినిమాలో మోహన్‌బాబు గారు రాజు. ఇది చిన్నన్న చెప్పిన కథే. ఆ సమయంలో అన్నమయ్య పాడినట్టు చిన్నన్న చెప్పేది 'ఆకటి వేళల' అనే సంకీర్తన. ఆ పాటలో మనిషికి కష్టకాలాల్లో హరి నామమే దిక్కు అని ఒక జాబితా ఉంటుంది, అందులో సంకెళ్ల ప్రస్తావన నిజంగానే ఉంది. కానీ అది ఒక్క సంకెళ్ల గురించిన పాట కాదు, ఆకలి, అలసట ఇలా చాలా వాటితో పాటు అదొకటి. కాబట్టి సంఘటన జరిగి పాట పుట్టిందా, లేక పాటలో ఆ మాట ఉంది కాబట్టి కథ దానికి అతుక్కుందా? రెండూ కుదురుతాయి.

అయితే ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పొచ్చు. సాళువ నరసింహుడు నిజమైన రాజు. చంద్రగిరి ప్రాంతం ఆయన బలం. 1485లో విజయనగర సింహాసనం తీసుకున్నాడు. తిరుమల శాసనాల్లో ఆయన దానాలు చాలా ఉన్నాయి. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినీ భారతాన్ని అంకితమిచ్చింది ఈయనకే. అంటే కవుల చేత పొగిడించుకోవడం ఆ దర్బారులో మామూలు పద్ధతి. అలాంటి చోట ఒక కవి నేను రాయను అన్నాడనే మాటకి బరువుంది. సంకెళ్లు ఊడాయో లేదో పక్కన పెడదాం. ఆ కుటుంబం వంద ఏళ్ల తర్వాత కూడా గర్వంగా గుర్తుపెట్టుకున్నది ఆ తిరస్కారాన్ని.

రెండు, మరదళ్లతో పాటలు. సినిమా మొదటి సగంలో అన్నమయ్య ఇద్దరు మరదళ్లతో ఆడిపాడే కుర్రాడు. భక్తుణ్ణి పట్టుకుని డ్యూయెట్లు ఏంటి అని అభ్యంతరం చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఇక్కడో తమాషా ఉంది. అందులో 'ఏలే ఏలే మరదలా' సినిమా కవి రాసింది కాదు, అన్నమయ్య సంకీర్తనే! పాట నిజం, సీన్ కల్పన.

ఇది చిన్న విషయం కాదు. దొరికిన సంకీర్తనల్లో ఎక్కువ భాగం శృంగార కీర్తనలే. అయితే ఆ శృంగారం అన్నమయ్య సొంత డైరీ కాదు. ఆ పాటల్లో ప్రియుడు వేంకటేశ్వరుడు. మాట్లాడేది అలమేలుమంగ, లేదా చెలికత్తె, లేదా ఎవరో పల్లె పడుచు. కవి వాళ్ల గొంతులోకి దూరి పాడతాడు. చివర్లో ముద్ర మాత్రం వేంకటేశుడిదే. బావా మరదళ్ల సంవాదం కూడా అలాంటిదే. సినిమా ఏం చేసిందంటే, ఆ పాత్ర గొంతును తీసేసి కవి సొంత గొంతుగా మార్చింది. పాట ఉంది కాబట్టి అది ఆయన జీవితంలో ఏదో రోజు జరిగి ఉండాలి అనేది సినిమా లాజిక్.

సంగీతకారుల మీద తీసే ప్రతి సినిమాకీ ఈ జబ్బు ఉంటుంది. ప్రతి పాటకీ ఒక సంఘటన కావాలి. హీరోకి బాధ కలగాలి, వెంటనే పాట రావాలి. నిజానికి రేకుల మీద పాటలకి తేదీల్లేవు. ఏది ఇరవయ్యో ఏట పాడాడో, ఏది తొంభయ్యో ఏట పాడాడో ఎవరూ చెప్పలేరు. 'అంతర్యామి' చివరి పాటగా పెట్టడం కథ రచయిత నిర్ణయం. అలసిపోయిన భక్తుడి పాట కాబట్టి అక్కడ అద్భుతంగా కుదిరింది. కుదరడం వేరు, జరగడం వేరు. అంతే.

మూడు, తిమ్మక్క. నాకు ఈ సినిమాతో అసలు పేచీ ఇక్కడే. మహిమలతో కాదు, డ్యూయెట్లతో కాదు. తాళ్లపాక తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసిన కవయిత్రి. తెలుగులో తొలి కవయిత్రి అని సాహిత్య చరిత్రకారులు చెప్పే పేరు ఆమెదే. అంటే ఆ ఇంట్లో భర్త రాస్తున్నాడు, భార్య రాస్తోంది, కొడుకు రాస్తున్నాడు, మనవళ్లు రాస్తున్నారు. ఒకే ఇంట్లో ఇంతమంది రాయడం ఎక్కడుందండీ? కానీ సినిమా చూసినవాళ్లని తిమ్మక్క ఎవరని అడగండి. మరదలు అంటారు, రమ్యకృష్ణ అంటారు. కవయిత్రి అని చెప్పేవాళ్లు అరుదు. కల్పించడం కంటే వదిలేయడం వల్ల చరిత్రకి జరిగే నష్టమే ఎక్కువ అని నేను అనుకుంటాను. కల్పించినదాన్ని ఎవరో ఒకరు పట్టుకుని ప్రశ్నిస్తారు. వదిలేసినదాని గురించి అడగాలని కూడా ఎవరికీ తట్టదు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. బాణీ ఎవరిది?

రాగి రేకుల మీద ప్రతి సంకీర్తనకీ పైన రాగం పేరు ఉంటుంది, కింద సాహిత్యం ఉంటుంది. స్వరాలు ఉండవు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మెటాడేటా ఉంది, ఆడియో ఫైల్ లేదు. 'ఇది ముఖారి' అని లేబుల్ ఉంది. కానీ ఆ ముఖారిలో ఏ స్వరం తర్వాత ఏ స్వరం, ఎక్కడ నిలవాలి, ఎక్కడ ఎత్తుకోవాలి, ఏదీ లేదు.

పోనీ రాగం తెలుసు కదా, దాన్ని బట్టి ఊహించొచ్చు కదా అంటారా? అక్కడా చిక్కే. 72 మేళకర్తల పద్ధతికి పునాది వేసిన వేంకటమఖి గ్రంథం 17వ శతాబ్దానిది. అన్నమయ్య అంతకు నూరేళ్ల పైన ముందువాడు. పేరు అదే ఉన్నా రాగం రూపం మారి ఉండొచ్చు. పైగా కొండమలహరి, ఆబాలి, అమరసింధు లాంటి పేర్లు రేకుల మీద ఉన్నాయి, ఈరోజు కచేరీల్లో అవి వినపడవు.

త్యాగరాజుతో పోల్చి చూడండి. ఆయన 1847లో పోయారు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్య పరంపరలు పాడుతూ, రాసుకుంటూ కీర్తనల్ని నిలబెట్టాయి. పాఠాంతరాలున్నా గొలుసు తెగలేదు. 1946లో చిత్తూరు నాగయ్య గారు 'త్యాగయ్య' తీసి, తనే నటించి, తనే పాడినప్పుడు ఆ పాటల వెనక బతికున్న సంప్రదాయం ఉంది. అన్నమయ్యకి ఆ గొలుసు చాలావరకు తెగిపోయింది. రేకులు అరలో ఉన్నాయి, పాట జనం నోట్లోంచి జారిపోయింది.

రేకుల సంగతి ఎవరికీ తెలీదని కూడా కాదు. 1816లో ఏ.డి.క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి తన తెలుగు వ్యాకరణం ముందుమాటలో వీటిని ప్రస్తావించాడు. అందులో తెలుగు వ్యాకరణం ఉందేమోనని చూపిస్తే, ఉన్నవన్నీ దేవుడి స్తోత్రాలేనని తేలింది. ఆయనకి కావాల్సింది దొరకలేదు, ఆ విషయం అక్కడితో ఆగింది. మళ్లీ వందేళ్ల తర్వాత, 1920ల్లో దేవస్థానం వాళ్లు వాటిని బయటికి తీసి చదివించి అచ్చు వేయించడం మొదలుపెట్టారు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గౌరిపెద్ది రామసుబ్బశర్మ లాంటి పండితులు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పని అది.

పాటకి మళ్లీ ప్రాణం పోసింది ఆ తర్వాతి సంగీతకారులు. రాళ్లపల్లి వారు బాణీలు కట్టి స్వరపరిచారు. నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఎన్నో కీర్తనలకు బాణీలు కట్టారు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి గొంతులో కొన్ని దేశమంతా వెళ్లాయి. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలైంది. ఇవన్నీ జరిగిన తర్వాత 1997లో సినిమా వచ్చింది. కీరవాణి గారి పాటల్లో కొన్నిట్లో అప్పటికే జనంలో ఉన్న బాణీల ఛాయలు వినిపిస్తాయి, చాలావాటికి ఆయన సొంత బాణీ ఉంది.

కాబట్టి సమాధానం ఇది. మాట 15వ శతాబ్దానిది, బాణీ 20వ శతాబ్దానిది.

హాలీవుడ్‌లో 1984లో వచ్చిన 'అమడేయస్' దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మలా ఉంటుంది. మొజార్ట్ మీద సినిమా అది. మిలోష్ ఫోర్మన్ తీశాడు, పీటర్ షాఫర్ నాటకం ఆధారం. అందులో సాలియేరి అసూయతో మొజార్ట్‌ని చావు దాకా తరుముతాడు. చరిత్రలో దానికి ఆధారం లేదు. పైగా మొజార్ట్ పోయాక ఆయన చిన్న కొడుక్కి సంగీతం చెప్పిన గురువుల్లో సాలియేరి ఒకడు. కథ కల్పన. కానీ స్వరాలు? మొజార్ట్ చేతి రాత ప్రతులు ఉన్నాయి కాబట్టి తెర మీద వినేది మొజార్ట్ రాసిన సంగీతమే. అక్కడ కథ అబద్ధం, స్వరం నిజం. ఇక్కడ అన్నమయ్యలో కథ సగం కుటుంబం చెప్పింది, మాట నిజం, స్వరం కొత్తది. సంగీతకారుడి సినిమాలో నిజం అంటే ఒక్కటే కాదు. సంఘటన నిజం, మాట నిజం, స్వరం నిజం అని మూడు వేర్వేరుగా చూడాలి.

అయితే సినిమా మోసం చేసిందా అంటే, నేను అలా అనను. స్వరం పోయిన పాటకి ఎవరో ఒకరు కొత్త స్వరం ఇవ్వాల్సిందే, లేకపోతే అది రాగి మీదే ఉండిపోతుంది. బాణీ కట్టడం ఇక్కడ అబద్ధం చెప్పడం కాదు, ఖాళీని నింపడం. కాకపోతే నింపింది మనమే అని గుర్తుండాలి. ఎందుకంటే ఇప్పుడు ఒక చిత్రమైన పరిస్థితి ఉంది. పోటీల్లో ఒక పిల్లో పిల్లాడో ఇంకో బాణీలో పాడితే, 'అది అసలు ట్యూన్ కాదు' అనేవాళ్లున్నారు. అసలు ట్యూన్ అంటే వాళ్ల ఉద్దేశం సినిమా ట్యూన్. అసలైనది ఎవరికీ తెలియని చోట, అందరికీ తెలిసిందే అసలైనదిగా చలామణీ అయిపోతోంది. దీనివల్ల పోయేది కీరవాణి గారికి ఏమీ లేదు. రాళ్లపల్లి వారి బాణీ మరుగున పడుతుంది, రేపు ఇంకెవరో కట్టబోయే బాణీకి తలుపు మూసుకుపోతుంది.

సినిమాలో వినిపించేవి ఓ ఇరవై దాకా. అచ్చులో ఉన్నవి పన్నెండు వేల పైమాట. వాటిలో చాలా పాటల్ని ఇప్పటిదాకా ఎవరూ పాడలేదు. రాగం పేరు, ఒక పల్లవి, మూడు చరణాలు పెట్టుకుని ఐదొందల ఏళ్లుగా ఎదురుచూస్తున్నాయి.

తిరుమల వెళ్లినప్పుడు సంకీర్తన భాండారం ఎక్కడా అని అడగండి. దాని రాతి మీద తంబురా పట్టుకున్న రెండు బొమ్మలు చెక్కి ఉంటాయి, అన్నమయ్య, పెద తిరుమలయ్య అని చెబుతారు. సినిమా అన్నమయ్య మరణంతో ముగుస్తుంది. నాకైతే ఆ పక్కనున్న కొడుకు కథ కూడా ఎవరైనా తీస్తే బావుండనిపిస్తుంది. తండ్రి పాటని లోకం మర్చిపోతుందేమోనని భయపడి రాగి మీద చెక్కించాడు. ఆయన భయం నిజమైంది, లోకం మర్చిపోయింది. ఆయన జాగ్రత్త వల్లే మళ్లీ దొరికింది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే అండి. వచ్చే ఎపిసోడ్‌లో తిమ్మక్క గురించి విడిగా మాట్లాడుకుందాం.